పెన్నలో నీళ్ళు

ముసలాయన గదిలోకి వచ్చీ రాగానే పెన్న మీద చెయ్యి వేశాడు.

"ఏయ్, ముట్టుకోవాకు!" అని అరిచాడు మార్కండేయ.

ధర్మవరంలో అతనిది పట్టుచీరల దుకాణం. ఆదివారం వస్తే చాలు, దుకాణం పైగదిలో పెద్ద బల్ల మీద యుద్ధమే. పాళెగాడి సేన ఒకవైపు, నవాబు సేన ఇంకోవైపు. అన్నీ బొటనవేలంత సీసం బొమ్మలు. పాచికలు వేసి గుర్రాలనూ బంట్లనూ నడపాలి. మధ్యలో పెన్నానది అంటూ నీలం పట్టుగుడ్డ పరిచాడు, అంచుకు జరీతో సహా. నదికి జరీ అంచేమిటని అడిగే ధైర్యం ఎవరికుంది?

వచ్చే నెల బెంగళూరులో ఈ ఆటకు తొలి పోటీ. కప్పు కొట్టి తీరాలని మార్కండేయ పంతం. దుకాణంలో దేవుడి పటాల పక్కన దానికి చోటు కూడా తుడిచి పెట్టుకున్నాడు.

"పామిడి నుంచి వచ్చినా నాయనా. ఈడ ఈ ఆట ఆడతాండారని ఎవరో చెప్పినారు," అన్నాడు ముసలాయన. కళ్ళజోడుకు ఒక కాడ విరిగితే దారంతో చెవికి కట్టుకున్నాడు.

"ఆడతాండాం. అయితే ఏమి?"

"పెన్నలో ఇన్ని నీళ్ళు యాడివప్పా?"

మార్కండేయ స్నేహితుడు ఓబిలేష్ పకపకా నవ్వాడు. "ఏరన్నాక నీళ్ళుండవా తాతా?"

"ఇది ఎండాకాలం యుద్ధం. ఏట్లో ఇసక తప్ప ఏముండాది? గుర్రాలు సక్కా దాటిపోతాయి."

"ఏరు దాటాలంటే ఒక వంతు ఆగాల్ల. పుస్తకంలో ఉండాది," అన్నాడు మార్కండేయ.

"పుస్తకంలో తొలి పేజీ సూసినారా?"

పుస్తకమంటే జిరాక్సు కాగితాలే. ఎవరినో అడిగి తెచ్చిన ఓబిలేష్ అట్టనూ తొలి పేజీనీ వదిలేసి మిగతాదంతా తీయించాడు.

"తొలి పేజీలో ఏముంటాదిలే! పేర్లూ ఊర్లూ," అన్నాడు ఓబిలేష్.

ముసలాయన ఏదో చెప్పబోయి ఆగాడు. "సరే. నాతో ఒక్క ఆట ఆడండప్పా. మీకే తెలుస్తాది."

"నీతోనా?" మార్కండేయకు తిక్క రేగింది. "పోటీకి తయారైతాంటే మధ్యలో నీ గోలేందప్పా! పొద్దు పోకుంటే బస్టాండులో కూర్చో పో."

"ఒక్క ఆట నాయనా. గంటలో అయిపోతాది."

మార్కండేయ ఆయన రెక్క పట్టుకుని మెట్ల దాకా లాక్కుపోయాడు. ఓబిలేష్ వెనకనుంచి ఆయన చెప్పులు విసిరాడు. ఒకటి మెట్ల మీద పడింది. ఇంకోటి మురిక్కాలువలో పడింది.

ముసలాయన కాలువలో చెయ్యి పెట్టి చెప్పు తీసుకుని వెళ్ళిపోయాడు. పైన ఇద్దరూ ఇంకా నవ్వుతూనే ఉన్నారు. ఎంత మొనగాళ్ళో!

బెంగళూరు పోటీలో ఓడినవాడు ఇంటికే. తొలి ఆటలో మార్కండేయకు పాళెగాడి సేన వచ్చింది. అక్కడి బల్ల మీద నది చోట ఇసుక పోసి ఉంది. వీళ్ళకు నీలం గుడ్డ కూడా దొరకలేదా అనుకుని నవ్వుకున్నాడు. ఏరు అడ్డముందన్న ధీమాతో ఒడ్డున ఒక్క బంటునైనా నిలపలేదు. సేననంతా కొండ వైపు తోలాడు.

ఎదుటివాడి గుర్రాలు ఏట్లోంచి నేరుగా వచ్చి పాళెగాణ్ణి పట్టుకున్నాయి.

"మోసం! ఏరు దాటితే ఒక వంతు ఆగాల్ల!" అని గొంతు చించుకున్నాడు మార్కండేయ.

పోటీ నడిపే సునంద పుస్తకం తెచ్చింది. "ఈ యుద్ధంలో పెన్న ఎండిపోయి ఉంటుంది సార్. తొలి పేజీలోనే ఉంది. అయినా మీది ఆ వైపే కదా, పెన్నలో నీళ్ళు ఎప్పుడు చూశారు?"

మార్కండేయ చేతిలోని పాచికలు బల్ల మీద పడేశాడు. ఏడాది శ్రమ అరగంటలో పోయింది.

"ఈ ఆట తయారుచేసినాయనే ఈరోజు కప్పు ఇవ్వాల్సింది," అంది ఆమె. "పది రోజుల కింద పోయారు, పాపం."

మార్కండేయ పుస్తకం అందుకుని తొలి పేజీ తిప్పాడు.

పైన ఒక ఫోటో, అందులో దారంతో చెవికి కట్టుకున్న కళ్ళజోడు.

ఫోటో కింద ఇలా ఉంది: "ఖాసిం సాబ్, పామిడి. తోడు దొరక్క ముప్పై ఏళ్ళుగా ఈ ఆటను రెండు వైపులా నేనే ఆడుకుంటున్నాను. ఆడేవాళ్ళుంటే కబురు పెట్టండి, ఏ ఊరికైనా వచ్చి ఒక్క ఆట ఆడి పోతాను."