మల్లెపూల తెలుపు

“ఏమ్మా, ముఖమంతా పసుపుపచ్చగా ఉండాది? యాడ తీసినారు ఈ ఫోటో?” కంప్యూటర్ తెర మీద సుమ ముఖాన్ని పెద్దది చేస్తూ ఆమె తల్లిని అడిగాడు స్టూడియో అంబరీష్.

“పట్టుపురుగుల షెడ్డులోనప్పా. పైన పసుపుపచ్చ టార్పాలు కట్టినాము.” మునివెంకటమ్మ తల దించుకుంది. “వారం నించి పాపకు నేనే పసుపు పూస్తా ఉండాను. రంగు తేలుతుందని.”

“అయితే టార్పాలు కొంత, నువ్వు కొంత!” నవ్వాడు అంబరీష్. “కూర్చో, సరిచేస్తాను.”

కూర్చుందన్నమాటే గానీ, తమ ఊరు సుగటూరులో బస్సెక్కినప్పటి నుంచీ ఆమె ధ్యాసంతా ఇంట్లో ఉన్న సుమ మీదే. కూతురు పది రోజులుగా పనికి పోయే నరసాపురం ఫ్యాక్టరీ బస్సు ఎక్కడం లేదు. పొద్దున లేస్తే వాంతి. తిరగమాత వాసన తగిలితే ముక్కు మూసుకుంటుంది. రాగిముద్ద పెడితే అవతలికి తోస్తుంది. తల్లి ఎదురుపడితే తప్పు చేసినదానిలా కళ్ళు దించేసుకుంటుంది. ఈ వాలకం ఏ తల్లికి తెలియదు? నిన్న “ఎవరే వాడు?” అని చెంప ఛెళ్ళుమనిపించింది.

“ఎవరూ లేరమ్మా. ఆస్పత్రికి పిల్చుకుపోమ్మా,” అని ఏడ్చింది సుమ.

ఆస్పత్రికి పోతే ఊరంతా తెలిసిపోదూ! కొట్టిన చెయ్యి ఇప్పటికీ మండుతున్నట్టే ఉంది మునివెంకటమ్మకు.

ఫోన్ మోగింది. అన్న చిక్కవెంకటప్ప.

“ఏమ్మా, ఫోటో ఏమాయె? మగపిల్లోని ఇంటోళ్ళు అడుగుతా ఉండారు.”

“ఇంగ పది నిమిషాలన్నా. ముహూర్తం మాత్రం ఈ నెలలోనే చూడమను.”

“అంత తొందరేమే?”

ఫోన్ పెట్టేసింది. ఏ పాపమూ ఎరగని ఆ ఇంటివాళ్ళను తలుచుకుని కొంగుతో ముఖం తుడుచుకుంది.

“ఫోటోలో అచ్చంగా తెల్లగా ఉండేది ఏదన్నా చెప్పు,” అన్నాడు అంబరీష్. “దాన్ని తెల్లగా చేస్తే మిగతా రంగులన్నీ వాటంతటవే దారికొస్తాయి.”

“తలలో మల్లెపూలు.”

పూల మీద నొక్కాడు. షెడ్డు గోడకు సున్నం రంగు తిరిగొచ్చింది. పూలు అప్పుడే కోసినట్టు తెల్లబడ్డాయి.

“టార్పాలు పోయింది. ఇంగ నీ పసుపు.” చెంపలు, నుదురు, మెడ, తడిగుడ్డతో తుడిచినట్టు ఒక్కొక్కటే సరిచేశాడు. చామనచాయ సుమ బయటపడింది. “ఇంగా కొంచెం తెల్లగా చేసేదా?”

“వద్దప్పా. పాప రంగు పాపకు ఉండనీ.” ఒక మోసం చాలు అనుకుంది లోపల.

అంబరీష్ చెయ్యి ఉన్నట్టుండి ఆగింది. ఫోటోను ఇంకా పెద్దది చేశాడు. పూల వైపు ఒకసారి, ముఖం వైపు ఒకసారి చూశాడు. అతని నవ్వు మాయమైంది.

“కళ్ళ లోపల కూడా పసుపు పూసినావామ్మా?”