తలుపు మీది తూటాలు

“ఆ తలుపు మీద చెయ్యేస్తే ఊరుకోను!” పాత మిలిటరీ ట్రక్కుకు అడ్డం నిలబడి అరిచాడు క్రెషిమిర్. “యుద్ధంలో కూపా నది వంతెన దగ్గర శత్రువులు మాటు వేసి కాల్చిన తలుపది. అప్పుడు బండి తోలుతున్నది మా నాన్న!”

“తుప్పు తినేసింది, కొత్త రేకు వెయ్యాల్సిందే,” అన్నాడు మేస్త్రీ ద్రాజెన్. “అయినా బయటినుంచి కాలిస్తే రేకు లోపలికి చీలుతుంది. ఇది బయటికి చీలింది. రంగు గీకితే తెలిసింది. తడిమి చూడు.”

క్రెషిమిర్ తడిమాడు. చిల్లుల అంచులు వేలికి గుచ్చుకున్నాయి. పక్కనే నిలబడ్డ తండ్రివైపు తిరిగాడు.

“నేనే కాల్చాను,” అన్నాడు ముసలి స్తీపన్. “వంతెన అవతలి ఊళ్లో మనవాళ్లు నేను తెచ్చే మందుగుండు కోసం ఎదురుచూస్తున్నారప్పుడు. నాకు భయమేసింది. వెనక్కి రావడానికి సాకు కావాలి కదరా! ఆ రేకు నా కళ్లముందు ఉండకూడదనే మేస్త్రీని పిలిపించాను.”

క్రెషిమిర్ మేస్త్రీ చేతిలోని కోత మిషను లాక్కుని, తండ్రి మొహం చూడకుండా తనే రేకు కోయడం మొదలుపెట్టాడు.