గడపగడపకూ క్రాస్ ఎగ్జామినేషన్

"మీ వీధి దీపం వెలగడం లేదంటున్నారు. వెలగకపోవడం మీరు కళ్ళారా చూశారా?" గద్దించారు లాయరుగారు.

"చీకట్లో ఏం కనబడుతుందండీ?" అన్నాడు గుమ్మంలో నిలబడ్డ దర్జీ.

"అంటే చూడలేదు. చూడనిదాన్ని ఎలా చెబుతున్నారు?"

దర్జీ నోరు మూసుకున్నాడు. తర్వాత తలుపు కూడా మూసుకున్నాడు. లాయరుగారు కేసు గెలిచినట్టు మీసం సవరించుకున్నారు. ఈ మహానుభావుడు వచ్చింది ఓట్లు అడగడానికండీ, నమ్మండి!

రిటైరైన రోజున నల్లకోటు బీరువాలోకి వెళ్ళింది గానీ, నాలుక వెళ్ళలేదు. పాలు విరిగాయని భార్య అంటే, అవి విరగకముందు బాగానే ఉన్నాయనడానికి రుజువేమిటని అడిగేవారు. ఆవిడ ఓపిక పట్టి పట్టి, చివరికి చేతులెత్తేసింది. "మీకు పుణ్యముంటుంది, వెళ్ళి ప్రజాసేవ చేసుకోండి. నా సేవ ఇక చాలు!"

సమయానికి పై వాటాలో ఉండే టీచరమ్మ కౌన్సిలరు పదవికి నిలబడింది. వార్డులో సగం మందికి అక్షరాలు దిద్దించిన మనిషి. ఎదుటి అభ్యర్థి కాంట్రాక్టరు. అతను గెలిస్తే బడి పక్కన పిల్లలాడుకునే మైదానం కాస్తా షాపులైపోతుందని అందరికీ తెలుసు. కాబట్టి టీచరమ్మ అడక్కపోయినా గెలిచేదే. అలాంటి సమయంలో మన లాయరుగారు రంగంలోకి దిగారు.

"అన్నయ్యగారూ, మీరు ఆఫీసులో కూర్చుని సలహాలిస్తే చాలు" అందామె.

"కూర్చోవడమా? నేను నిలబడి వాదించేవాణ్ణమ్మా!"

నిజం చెప్పాలంటే, ఆ మోకాళ్ళ నొప్పులతో ఒక్క వీధి తిరిగి ఊరుకునేవారే. ఖర్మ కాలి జూనియర్ దొరికాడు. సంచీ మోసే జూనియర్ వెనకాల లేకపోతే సీనియర్ లాయరు సగం మనిషి కదా! నలభై దాటిన పెద్దమనిషి, వీధి మలుపులో కారు ఆపి, వంగి కాళ్ళకు దణ్ణం పెట్టాడు.

"మీ వాదన వినడానికే కోర్టుకొచ్చేవాణ్ణి సార్. మీరు ఎండలో నడవడమేమిటి? నా కారుంది. ఆ సంచీ ఇటివ్వండి."

లాయరుగారు ఉబ్బితబ్బిబ్బయ్యారు. ఆ రోజు నుంచీ అతను "మా జూనియర్" అయ్యాడు. రిటైరయ్యాక కూడా ఈయనకి జూనియర్లున్నారా అని టీచరమ్మే ఆశ్చర్యపోయింది. పాపం, ఎంత అణకువో! పెద్దల వాదన మధ్య తానెందుకని ఏ ఇంటి ముందూ కారు దిగేవాడు కాదు. లాయరుగారు తిరిగి రాగానే, "ఆ ఇంటావిడ నోరు పడిపోయింది సార్! పక్కింట్లో ఇంకొంచెం గట్టిగా తగులుకోండి" అనేవాడు.

పక్కింట్లో ఒక ముసలమ్మ. "నా ఓటు టీచరమ్మకే నాయనా" అంది ముందుగానే.

ఎవరైనా అయితే దణ్ణం పెట్టి వచ్చేస్తారు. ఈయన వస్తారా?

"వేస్తారని గ్యారంటీ ఏమిటి? పోయినసారి ఎవరికి వేశారు?"

"అది చెప్పకూడదంటారు కదా."

"దాస్తున్నారంటే ఏదో ఉందన్నమాట!"

"ఛీ పో! వేద్దామనుకున్నదాన్ని కూడా మాన్పించావు" అంటూ తలుపు వేసేసుకుంది ముసలమ్మ.

ఫిర్యాదులు టీచరమ్మ దాకా వెళ్ళాయి. ఆమె కిందికి దిగి వచ్చి చేతులు జోడించింది. "అన్నయ్యగారూ, ఇక విశ్రాంతి తీసుకోండి. ఆ మైదానం పోతే పిల్లలు రోడ్డున పడతారు." ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

లాయరుగారి మనసు కరిగింది. మర్నాడు పొద్దున్నే జూనియర్‌తో చెప్పేశారు. "నేనిక రానయ్యా. నావల్ల ఓట్లు పోతున్నాయట."

జూనియర్ గుండె జారిపోయింది. "అంత మాటనకండి సార్! ఆవిడకి రాజకీయం ఏం తెలుసు? మీరు తప్పుకుంటే మా గతేం కాను?"

ఇంత అభిమానాన్ని ఎవరు కాదనగలరు? లాయరుగారు కారెక్కారు. మిగిలిన వీధులు కూడా పూర్తి చేశారు.

టీచరమ్మ ఓడిపోయింది. అదీ ఏ ఒకటి రెండు వీధులు కలిసొచ్చినా గట్టెక్కేంత తేడాతో.

ఓట్లు లెక్కించిన హాలు బయట లాయరుగారు కొయ్యబారి నిలబడ్డారు. మైదానం గుర్తొచ్చి నిజంగానే కుమిలిపోయారు. ఈ బాధ చెప్పుకోవడానికి తనను అర్థం చేసుకున్న ఒకే ఒక్క మనిషి కోసం జనంలో వెతికారు.

అప్పుడే బ్యాండు మోతతో మలుపు తిరిగిన ఊరేగింపు జీపులో, మెడ నిండా దండలేసుకున్న కాంట్రాక్టరు భుజం మీద చెయ్యేసి, "మా బావకి జై!" అని గొంతు చించుకుంటున్నాడు జూనియర్.