వదులు చైన్

"మోసం కాకపోతే ఏమిటండీ?" అన్నాను కోచ్‌తో.

చైన్ వదులైనట్టు కిందికి చూడటం, పక్కపిల్ల ఏమరగానే ఒక్క ఉదుటున దూకడం మా దేశపు ఎత్తుగడ. జట్టు సైకిళ్లు బిగించే నేనే కనిపెట్టి, నా మేనకోడలికి నేర్పాను. నిరుడు అది అవతలి దేశం జెర్సీ తొడుక్కుంది. ఇందాక ఫైనల్ రెండో పందెంలో ఆ ఎత్తుతోనే మా పిల్లను ఓడించింది. ఇప్పుడు చెరొక పందెం గెలిచినట్టు. మూడోది గెలిస్తే బంగారం.

"మేనకోడలికి నువ్వు నేర్పిన ముచ్చటే కదా," అని కోచ్ నవ్వుతూ చురక వేశాడు.

"మేనకోడలా? నేర్పినవాడి నెత్తినే చెయ్యి పెట్టింది! ఇక జన్మలో దాని సైకిలు ముట్టుకుంటే నా..."

"మావయ్యా!" అవతలి శిబిరం నుంచి కేక. "చైన్ ఈసారి నిజంగానే వదులైంది. నువ్వు బిగిస్తేనే ఎక్కుతా!"

కోచ్ నవ్వు ఆగిపోయింది. నా చెయ్యి రెంచి మీదికి పోయింది.

"ఊరికే చూసొస్తానండీ, బిగించను, మీమీద ఒట్టు, ఒక్క చుట్టు తిప్పి..."