కోడికూర వద్దన్న ఆఫీసరు

"ఆఫీసరు వచ్చి చూసిందాకా ఈడ గడ్డపార పడగూడదు" అంటూ సిద్దప్ప పునాదికి పోసిన ముగ్గు గీత మీదే కూర్చున్నాడు.

కొడుకు మోహన్‌కుమార్ సెల్‌ఫోను చూపించాడు. "ఇప్పుడు ఎవురూ రారు నాయినా. కొలతలు మనమే రాసి పంపితే చాలు, ఫోన్లోనే అనుమతి ఇస్తారు. ఇదో, వచ్చేసింది."

"మనిషి చూడకుండా, కోడికూర తినకుండా ఇచ్చేది అనుమతేనా? రేపు ఎవుడన్నా కూలగొట్టను వస్తే ఫోను అడ్డం పెడతావా?"

మోహన్‌కుమార్ పక్కకు పోయి, ఫ్యాక్టరీలో తనతో పనిచేసే అనంతకుమార్‌కు ఫోన్ చేశాడు. "మా నాయిన వినడప్పా. నీకు తెలిసినోణ్ణి ఎవుర్నన్నా ఆఫీసరు మాదిరి పంపించు. టేపు పట్టి, సరే అని, తినిపోతే చాలు."

మరునాడు కెలవరపల్లిలో వాళ్ల స్థలం ముందు బైకు ఆగింది. దిగిన మనిషి చేతిలో టేపు, మెడలో కార్డు. మోహన్‌కుమార్ నవ్వు ఆపుకున్నాడు. అనంతకుమార్ కార్డు కూడా తగిలించి పంపాడే!

వచ్చినాయన ముగ్గు గీతలు కొలిచాడు. "ముందర ఐదడుగులు వదులుతామని రాసినారు గదా?"

మోహన్‌కుమార్ తండ్రి వైపొకసారి చూసి, గొంతు తగ్గించాడు. "రాసేది ఐదు, వదిలేది రెండు. అందరూ చేసేదే గదా! అయినా భలే అడుగుతావప్పా, నిజం ఆఫీసరు గూడా ఇట్ల అడగడు."

ఆయన నవ్వలేదు. గీతల్ని ఫొటో తీసుకున్నాడు. "ఇవి మార్చిందాకా తవ్వొద్దు. తవ్వితే అనుమతి రద్దు."

"చాలు, చాలు" అని మోహన్‌కుమార్ ఆయన భుజం తట్టాడు. "మా నాయిన ఎప్పుడో నమ్మేసినాడు."

ఇంతలో సిద్దప్ప చెంబుతో నీళ్లు తెచ్చాడు. "కాళ్లు కడుక్కోండి సార్. రాగిముద్ద, నాటుకోడి కూర."

"వద్దు పెద్దాయనా." ఆ చెంబులో నీళ్లే రెండు గుక్కలు తాగి, ఆయన బండెక్కి వెళ్లిపోయాడు.

సిద్దప్ప బండి లేపిన దుమ్ము వైపే చూస్తూ నిలబడ్డాడు. "ఒరే, వీడు దొంగ ఆఫీసరురా! కోడికూర వద్దనే ఆఫీసర్ని నేను పుట్టినాక చూడలేదు."

ముసలాయన భలే పసిగట్టాడే అనుకుంటుండగానే మోహన్‌కుమార్ ఫోను మోగింది. అనంతకుమార్.

"ఏమనుకోవద్దప్పా, మావోడికి బస్సు తప్పిపోయిందంట. ఇప్పుడే హోసూరులో షేర్ ఆటో ఎక్కినాడు. కూర ఉంటుంది గదా?"