నాంచారు గీసిన హద్దు

స్వామిని తలచుకుని కాస్త దగ్గరగా జరగండి నాయనలారా, చెబుతాను.

ఒక వాగు ఒడ్డున నాంచారు, పేరిందేవి అని రెండు ఆడ పీతలు పక్కపక్క బొరియల్లో ఉండేవి. వరదకు వాళ్ళ మధ్య హద్దు గీత చెరిగిపోయింది. పేరిందేవి వాకిట్లో నిగనిగలాడే బురద చూసి నాంచారుకు కడుపు రగిలి, అది తనదేనని తగువు పెట్టుకుంది.

తీర్పు చెప్పమంటే తాబేలు తాత, "నువ్వే గియ్యవే నాంచారూ, నువ్వు గీసిందే హద్దు" అన్నాడు.

"సరే తాతా" అంది పేరిందేవి.

ఇంత తేలిగ్గా ఒప్పుకుందంటే ఇంకా ఏదో దాచుకుందనుకుని నాంచారుకు ఒళ్ళు మండింది. కాలి కొనతో గీసుకుంటూ పోయింది. పీత నడక పక్కకే కదా, చూపంతా పేరిందేవి వైపే. బురద కలుపుకుంది. దాని వెనక నాచు కనబడితే అదీ కలుపుకుంది. ఆగేసరికి పేరిందేవి బొరియ కూడా గీతకు ఇవతలే ఉంది.

"అంతా నాదే తాతా" అంది రొప్పుతూ.

"దేవుడి సాక్షిగా నీదేనమ్మా. ఇక నీ ఇంట్లో ఉన్న ఈవిణ్ణి సాకాల్సిందీ నువ్వే."

పేరిందేవి తీరిగ్గా కాళ్ళు చాపుకుంది. "ఇవాళ కూరేమిటి వదినా?"

నాంచారు గబగబా ఆ గీతంతా చెరిపేసింది. పాత హద్దు ఉన్నచోటే మళ్ళీ గీసింది, ఎందుకైనా మంచిదని కాస్త తన బొరియ వైపుకే జరిపి.