మూడో సుడి

కృష్ణానదిని పుట్టి పడవలో ఏడుసార్లు దాటినవాణ్ణి నేను. ఒక్కసారి కూడా తడవలేదు. పెబ్బేరు సంతలో ఎవరినైనా అడగండి, చెబుతారు. వాళ్లకు చెప్పింది నేనే కాబట్టి బాగా గుర్తుంటుంది.

దాటింది కంప్యూటర్‌లో. అయితే మాత్రం? సుడి సుడే.

ఆ ఆట చేసింది నా మనుమరాలు యమున. రెండువేల ఐదులో వనపర్తిలో పాలిటెక్నిక్ చదువుతుండేది. బొమ్మలు గీసింది ఆమెతో చదివే శ్రవణ్ కుమార్. ఎనిమిది నెలలు ఇద్దరూ తిండి మరిచి కష్టపడ్డారు. పుట్టి ఇవతలి గట్టున బయలుదేరుతుంది. మూడు సుడులు దాటితే అవతలి గట్టు.

వంద సీడీలు తయారుచేశారు. అవి అమ్ముడుపోతే రెండో ఆట. లేకపోతే చదువు కాగానే యమున హైదరాబాద్‌లో ఉద్యోగానికి పోవాలి. వాళ్ల నాయనతో ఒప్పందం అది.

నెలలో నాలుగు అమ్ముడుపోయాయి. వాటిని అమ్మిపెట్టే వనపర్తి నెట్ సెంటర్ అతను మిగతావి డబ్బాతో సహా తిరిగి ఇచ్చేశాడు.

"ఆట ఖరాబున్నదమ్మా. గద్వాల నుంచి పదిహేను రూపాయల సీడీలొచ్చినయ్. అందరు ఆడిండ్రు. మూడో సుడి కాడ మునిగిపోతది. ఒక్కడు దాటలే. ఇగ నీ యాభై రూపాయలది ఎవడు కొంటడు?"

యమున అప్పటికప్పుడు గద్వాల బస్సెక్కింది. వద్దంటున్నా నేనూ ఎక్కాను. బస్సులో చాలాసేపు గోళ్లు కొరుక్కుంది.

"మునిగేటట్లు పెట్టింది నేనే తాతా," అంది చివరికి.

"ఏందీ?"

"అసలు సీడీల ఒక గుర్తు పెట్టిన. నకలు తీస్తే అది రాదు. గుర్తు లేకుంటే మూడో సుడి కాడ పుట్టికి బొక్కవడ్తది. దొంగలకు బుద్ధొస్తదనుకున్న. ఆటకే చెడ్డపేరొచ్చె."

నాకు చెమటలు పట్టాయి.

"గట్ల చెమటలేంది తాతా?"

"ఎండ బిడ్డా."

"మబ్బు పట్టింది గద."

గద్వాలలో ఆ పదిహేను రూపాయల సీడీల షాపు దొరకడానికి ఎక్కువసేపు పట్టలేదు. షాపువాడు నన్ను చూడగానే స్టూలు జరిపాడు. "కూసో పెద్దాయనా, మంచిగున్నవా?" మూడు తాలూకాల్లో నన్ను ఎరగనివాడు లేడు.

యమున ఒక నకలు పెట్టించి చూసింది. తెరమీద పుట్టి నల్లగా ఉంది.

"మేం అమ్మినవాటిల్ల పుట్టి ఎర్రగుంటది. నల్లపుట్టివి ముందుగాల చేసిన మూడే," అంది నా వైపు తిరిగి. "శ్రవణ్‌కొకటి, సత్యమ్మ పెద్దమ్మకొకటి, నీకొకటి."

ఆగకుండా షాపువాడి డ్రాయర్ లాగింది. సీడీలన్నీ తిరగేసింది. అందులో తను చేసిన అసలు సీడీ ఒకటి దొరికింది. పెట్టి చూస్తే పుట్టి నల్లగానే ఉంది, నిమ్మళంగా గట్టు చేరింది.

"ఇది ఎవరిచ్చిండ్రన్నా?"

షాపువాడు నా వైపు చూశాడు. నేను కళ్లెర్రజేశాను. మనుమరాలి ఉసురు పోసుకున్నవాడి మీద ఆ మాత్రం కోపం రాదా?

"యాదికి లేదమ్మా," అన్నాడు తల గోక్కుంటూ. "పదిమందికి చూపియ్యమని ఇచ్చిండ్రు. వాపస్ సుత ఇచ్చేసిన."

"అసలుది నీ కాడ ఉంచుకొని, వాళ్లకు నకలు వాపస్ ఇచ్చినవ్."

అతను డ్రాయర్ మూసేశాడు.

బయటికొచ్చాక యమున నా చేయి పట్టుకుంది. "ఇగ దొరికినట్లే తాతా. ఆ ముగ్గుర్ల ఎవరి కాడ మునిగే సీడీ ఉన్నదో, వాళ్లే ఇచ్చిండ్రు."

"నేనైతే ఏడుసార్లు దాటిన," అన్నాను.

"ఎరికే. ఊరంతా ఎరికే," అని నవ్వింది. ఆ రెండురోజుల్లో నవ్వింది ఆ ఒక్కసారే.

మరునాడు తెలకపల్లి పోయాం. నా పెద్ద కూతురు సత్యమ్మ ఇంట్లో కంప్యూటర్ లేదు. సీడీని మక్కచేన్లో కర్రకు వేలాడదీసింది.

"మస్తు మెరుస్తది నాయినా. చిలకలు ఒక్కటి వాల్తలేవు."

యమున దాన్ని విప్పి, చున్నీతో తుడిచి, నాగర్‌కర్నూల్ నెట్ సెంటర్‌లో పెట్టింది. పుట్టి మూడో సుడి దాటింది.

ఇక మిగిలింది శ్రవణ్. సాయంత్రం కాలేజీ గేటు దగ్గర దొరికాడు.

"నా సీడీ రూమ్ మారేటప్పుడు పోయింది యమునా."

"పోయిందా, అమ్ముకున్నవా?"

"మన ఆటను నేనే ముంచుకుంటనా? నీకేమన్న పిచ్చా?"

"అయితే తెచ్చి చూపియ్యి."

శ్రవణ్ నా వైపు తిరిగాడు. "నువ్వన్న చెప్పు తాతా. నేను గట్లాంటోన్నా?"

గొంతు సవరించుకున్నాను. "వస్తువు మీద జర జాగ్రత్త ఉండాలె బాబూ," అన్నాను.

పిల్లవాడు సంచిలోంచి రెండో ఆటకు గీసిన బొమ్మలు తీసి యమున చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. యమున పిలవలేదు. అతను తిరిగి చూడలేదు.

చదువు కాగానే యమున హైదరాబాద్ పోయింది. ఆట మళ్లీ చేయలేదు. పోతూ పోతూ కంప్యూటర్ నాకు వదిలింది.

"ఆడుకో తాతా. ఆ నది దాటింది నువ్వొక్కనివే."

ఇప్పటికీ దాని ముందు కూర్చుంటాను, లేస్తాను, మళ్లీ కూర్చుంటాను. కథ చెప్పేవాణ్ణి కదా, ఒక్కటైనా కల్పించకపోతే నాకు తోచదు. మిగతాదంతా జరిగింది జరిగినట్టే చెప్పాను గానీ, ఆ ఏడుసార్ల సంగతి మాత్రం నా కల్పన: నా పుట్టి ప్రతిసారీ మూడో సుడి దగ్గరే మునిగింది.